నిమ్మగడ్డి నూనెకి అత్త కట్టిన లెక్క

నా చిన్నప్పుడు ఎవరేమడిగినా, వాళ్ళు అడగడం పూర్తికాకముందే నేను జవాబు చెప్పేసేదాన్ని. అది తప్పని తేలితే గొంతు ఇంకాస్త పెంచేదాన్ని. ఇంట్లో అందరూ దాన్ని తెలివి అనుకునేవారు, నేనైతే మరీనూ. అలా అనుకోనిది మా మేనత్త ఒక్కతే.

తొంభైల నాటి మాట. అత్త మద్దిలపాలెంలో ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో చేరి అప్పటికి ఆర్నెల్లయింది. వాళ్ళు ఏజెన్సీ రైతుల దగ్గర నిమ్మగడ్డి నూనె కొని, డ్రమ్ముల్లో నింపి అమ్మేవారు. మా వాళ్ళంతా సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళే. కాలేజీ గడప తొక్కింది ఆవిడొక్కతే. వేట ఆపేసే వేసవి రోజుల్లో ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది.

ఆ ఏటి వేసవిలోనే ఒకరోజు నన్ను వెంట తీసుకెళ్ళింది. కంపెనీ మొదటిసారి ఓడ మీద సరుకు పంపుతోంది. లారీ గుమ్మం ముందే నిలబడి ఉంది. పోర్టులో ఓడ ఏజెంటు అడిగిన కాగితంలో ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆవిరి ఒత్తిడి ఎంత అని. మూత బిగించిన డ్రమ్ములో నూనె నుంచి లేచిన ఆవిరి ఆ మూతని ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే సంఖ్య అది. కొలిచే పరికరం వీళ్ళ దగ్గర లేదు, బయటికి పంపితే వారాలు పడుతుంది. అందుకని అత్త లెక్క కట్టడానికి కూర్చుంది.

ముందు నాతో ఒక ఆట ఆడింది. నా చేత కళ్ళు మూయించి, రెండు కాగితం ముక్కలు వాసన చూపించి, దేని మీద ఎక్కువ చుక్కలు వేసిందో చెప్పమంది. ఒకటి గుప్పున కొట్టింది. నేను తడుముకోకుండా అదే అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే దాని మీద ఇట్టే ఆవిరయ్యే రకం ఒకటే చుక్క, రెండో దాని మీద మెల్లగా ఆవిరయ్యే రకం పది.

"తప్పు సెప్పినందుకు కాదే. సూడకుండా అంత గట్టిగా ఎలా సెప్పీసేవని అడుగుతన్నాను," అంది అత్త. నేను మూతి ముడుచుకున్నాను.

తర్వాత లెక్క చూపించింది. నిమ్మగడ్డి నూనె ఒకే వస్తువు కాదట, చాలా వస్తువుల కలగలుపు. దేని వాటా ఎంతో మెషీన్ గీసిన గ్రాఫులో ఉంది. ఒక్కోటీ విడిగా ఉన్నప్పుడు ఎంత తోస్తుందో పుస్తకంలో ఉంది. బరువుల్ని అణువుల లెక్కలోకి మార్చుకుని, వాటానీ తోపునీ గుణించి, వచ్చినవన్నీ కూడాలి. కూడేసరికి నేను తెల్లబోయాను. నూనెలో పెద్ద వాటా ఉన్న బరువైన సరుకు తోసేది కాస్తే. ఎక్కడో కొంచెం ఉన్న తేలికపాటిది దాన్ని మించి తోస్తోంది. మీ క్లాసులో గోలంతా ఎవరిదో గుర్తు తెచ్చుకో అంది అత్త. అది నేనేనని నాకు అర్థమైంది గానీ ఒప్పుకోలేదు.

అత్త గడిలో సంఖ్య వేసి, పక్కనే 'ఇది అంచనా, కొలిచినది కాదు' అని రాసింది. యజమాని అది చూసి నుదురు చిట్లించారు. ఆ మాట చూస్తే ఓడవాళ్ళు సరుకు వద్దంటారేమోనని ఆయన భయం.

"ఆ ముక్క కొట్టీయమ్మా. లెక్క సరిగ్గానే ఉంది కదా," అన్నారు.

"లెక్క సరైందే సార్. కానీ ఇవన్నీ విడిగా ఉన్నట్టే కలిసినప్పుడూ ఉంటాయని నాను రాసివ్వలేను. ఆ మాట తీసీస్తే సంతకం పెట్టలేను."

సంతకం పెట్టేవాళ్ళు ఇంకొకరు దొరకరా అన్నారాయన. అత్త పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది. ఆవిడ ఉద్యోగం పోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది. కొట్టెయ్ అత్తా అంటూ కొంగు కూడా లాగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుందే గాని పెన్ను ముట్టుకోలేదు.

యజమాని విసురుగా ఏజెంటుకి ఫోన్ చేశారు. వింటూ వింటూ మెత్తబడ్డారు. లెక్క కట్టినదైతే అలాగే రాయాలట, ఎలా కట్టారో మరో కాగితం జతచేస్తే చాలట, కొలిచిన సంఖ్య తర్వాత పంపొచ్చట. లారీ కదిలింది. ఆయన అత్తకి టీ తెప్పించారు, నాక్కూడా.

కొన్ని వారాలకి కొలిచిన సంఖ్య వచ్చింది. అత్త అంచనాకి దగ్గరగానే ఉంది, కానీ అదే కాదు. ఆ తేడా ఎందుకొచ్చిందా అని ఆవిడ వారం రోజులు సంబరంగా ఆలోచించింది.

పెద్దయ్యాక నేను తగరపువలసలో టీచర్నయ్యాను. నా పాత జబ్బు అంత తొందరగా పోలేదు. ఒకరోజు క్లాసులో ఒక పిల్ల ఏదో అడిగితే, నోటికొచ్చింది చెప్పబోయి ఆగిపోయాను. నాకు తెలీదమ్మా, ఇలా అయి ఉంటుందని అనుకుంటున్నాను, రేపు చూసి చెబుతానన్నాను. నలభై మంది నన్నే చూస్తున్నారు. అప్పుడు వెనక బెంచీలో, ఆ ఏడాదంతా నోరు విప్పని పిల్ల లేచి నిలబడింది.

"నాకూ తెల్దు టీచర్. మొదటి పాఠం కాడి నుంచీ తెల్దు."

ఆ తర్వాత ఇంకో పిల్ల లేచింది, ఇంకో పిల్లాడు లేచాడు. అన్నాళ్ళూ నా ఎదురుగా తలలూపుతూ కూర్చున్నవాళ్ళే. ఆ రోజు మొదటి పాఠం మళ్ళీ మొదలుపెట్టాను.