కంచె అవతలి సమాధి

మా కిర్గిజ్ ఊళ్లో ఖననం రోజున ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు వెళ్లరు; నలభయ్యో రోజున వెళ్తారు. మా ఆయన పోయిన ముప్పయ్యో రోజుకే సరిహద్దు కంచె పడింది. ఖబరస్తాన్ అవతలి దేశంలో ఉండిపోయింది.

మా అమ్మాయి కనిషాయ్ అప్పుడు రాజధాని బిష్కెక్‌లో అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. చదువుతోంది. "ఆగమ్మా, పర్మిషన్ తెస్తా," అంటూ రెండేళ్లు రెండు దేశాల ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ కంచె మీదే థీసిస్ కూడా రాసింది.

"ఏమే, దేశాల తగువులు తీర్చే చదువన్నావ్! మీ నాన్న సమాధికి దారి తేలేకపోయావే?" అని పొరుగింటి బుర్మకాన్ దెప్పింది.

మొన్న థీసిస్‌కు అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. అందులోని పటం నా ముందు పరిచి, కనిషాయ్ ఒక చుక్క చూపించింది.

"నాన్న ఇక్కడున్నాడమ్మా. ఇంక పర్మిషన్ రాదు."

ఆ చుక్క ఎదుట కూర్చుని, చేతులు చాచి దువా చదివాను.