పేరు చెప్పాకే మాత్ర

వార్డులో ఆ నర్సును అందరూ పేరక్క అంటారు. ఎన్నాళ్లుగా చూస్తున్న రోగినైనా సరే, పేరు చెప్పించి, మణికట్టు పట్టీతో సరిచూసుకున్నాకే అరచేతిలో మాత్ర పెడుతుంది. మింగేదాకా కదలదు. ఈ వారం మూలమంచం మీద ఆవిడ కన్నతల్లే ఉంది, జ్వరంతో. “పేరు చెప్పమ్మా,” అంది అలవాటుగా. తల్లి కాసేపు తడుముకుని కూతురి పేరు చెప్పింది.

పేరక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మనిషి తన తల్లే, పట్టీ మీద పేరూ తల్లిదే. చెప్పిన పేరే కలవడం లేదు. పేరు కలవకపోతే ఇంకొకరు చూసి చెప్పాలని కొత్తవాళ్లకు నేర్పేది తనే. పక్క నర్సును పిలిచింది.

“ఈవిడెవరో చెప్పు.”

“అదేంటక్కా, మీ అమ్మగారే కదా?”

“పట్టీ చూసి చెప్పు.”

ఆ అమ్మాయి పట్టీ మీది పేరు చదివాకే పేరక్క మాత్ర ఇచ్చింది. తల్లి మాత్ర మింగి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, పేరక్కను చూపిస్తూ గొంతు తగ్గించింది. “పాపం, ఈ పిల్లకి మనుషులు గుర్తుండరు. రోజూ అడుగుతుంది.”