వంటర్రలో బాయి

నేను ఇంతకు ముందు రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయరాకపోవడం. చిన్నప్పుడు మా బాపు చెరుకు కొట్టే ముఠాల వెంట తిరిగేవాడు. ఆయన కొట్టిన గడల్ని నేను కట్టలు కట్టేదాన్ని. బడిని రుద్రూర్ దిక్కు ఒక ఊళ్ళో బయటి నుంచి చూశాను. పెళ్ళయ్యాక నిజామాబాదుకు వచ్చి, కంఠేశ్వర్‌లో కిరాయి గదుల్లో, మా మాటలో అర్రల్లో, ముప్పై ఏళ్ళు ఉన్నాం. అక్షరాలు నాకు యాభై నాలుగో ఏట వచ్చాయి. మా మహిళా సంఘంలో సంతకాలు నేర్పడానికి వచ్చిన టీచరమ్మ, సంతకంతో ఆపకుండా నన్ను ఒకటో తరగతి వాచకం దాకా లాక్కుపోయింది.

రెండో కారణం చెప్పడం కష్టం. సంతకం కాకుండా, నేర్చుకున్న చదువుతో నేను బయట చేసిన మొదటి పని ఒక అబద్ధం చెప్పడం. అది రాయకుండా ఇంకేది రాద్దామన్నా చెయ్యి ఆడలేదు.

ఇల్లు బోధన్‌లో కొన్నాం. మా ఆయన చెరుకు లారీలు నడిపినన్నాళ్ళూ ఆ ఊరి చుట్టే తిరిగాడు. ఉంటే అక్కడే ఉండాలని ఆయన కోరిక. రిజిస్ట్రీ కాగితాల మీద ఆయన వేలిముద్ర వేశాడు, నేను సంతకం పెట్టాను. ఆయనకు చదువు రాదు. ఆ రోజు నా సంతకం ఆరేదాకా ఊదింది ఆయనే.

కిరాయి ఇండ్లలో ఏ యజమాని అయినా మొదట చెప్పే మాట ఒకటే, గోడకు మేకు కొట్టొద్దని. ముప్పై ఏళ్ళూ మా దేవుని పటాలు సందుగు పెట్టె మీద గోడకు ఆనించే పెట్టుకున్నాం. సొంత ఇంట్లో అడుగు పెట్టిన రోజు నేను వంటర్ర గోడకు ఒక మేకు కొట్టాను. పటాలు ఇంకా మూటలోనే ఉన్నాయి, ఊరికే కొట్టాను. మా ఆయన చూసి, “ఇల్లంత నీదే. ఎన్నన్న కొట్టుకో” అన్నాడు.

ఇల్లంటే మూడు అర్రలు, వరుసగా. మట్టి గోడలు, పైన గూనపెంకులు. చాలా ఏళ్ళు తాళం వేసి ఉన్న ఇల్లు. పెంకులు తీసి స్లాబ్ వేయాలి, పిల్లర్లు లేపాలి, గోడల సున్నమంతా గీకి కొత్త గిలాబు పూత పూయాలి. వంటర్ర పొడుగు ఎక్కువ కాబట్టి అక్కడ గోడ వారగా ఒక పిల్లర్ అదనంగా రావాలన్నాడు మేస్త్రి. ఎండాకాలం మొదట్లోనే పెంకులు దించేశాం. మిరుగు కార్తె రాకముందే స్లాబ్ పడాలి, లేకపోతే ఆ మట్టి గోడలు ఒక్క వానకు కరిగిపోతాయి. అదీ మా భయం.

సామాను దించిన మొదటి రోజే పక్కింటి అవ్వ వచ్చి గడప బయట కూర్చుంది.

“మీరే కొన్నరా, బిడ్డా?”

“అవునవ్వా.”

“మంచిది. గీ ఇంట్ల బాయి ఉండె. ఎంత సల్లటిదో. వాడకట్టు ఆడోళ్ళమంత దాని సుట్టే ఉంటుంటిమి. పాపం, దాన్ని లేకుంట జేసిండ్రు.”

ఇంకేదో అడగబోయాను. గిన్నెల గంప దించమని మా ఆయన పిలిచాడు. తిరిగి వచ్చేసరికి అవ్వ లేదు.

ఆ మాట నాకు ఎందుకు అంత లోతుగా దిగిందో చెప్పాలి. మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చే చెరుకు ముఠాల్లో ఆడవాళ్ళను బాయి అంటారు. మా ముఠాలో ఒక బాయి ఉండేది. మా అమ్మ జ్వరంతో పడిన ఏడాది నన్ను చంకనేసుకుని చేను చేనుకూ తిప్పింది. ఆమె కొంగుకు చెరుకు ఆకు వాసన ఉండేది. ఒక పొద్దున గుడిసెల దగ్గర ఆమె కనబడలేదు. అందరూ కొడవళ్ళు పట్టుకుని చేనులోకి పోయారు. ఎవరూ వెతకలేదు. నేను బాపును అడిగితే, “పోయుంటదిలే” అన్నాడు. పోయుంటది అన్న మాట నాతోనే ఉండిపోయింది.

అందుకే అవ్వ చెప్పింది మనిషి గురించే అనుకున్నాను. లేకుంట జేసిండ్రు అంటే చంపేశారని నా మనసు అదే చెప్పుకుంది.

ఇక ఆ వంటర్ర నన్ను వదల్లేదు. కప్పు లేని అర్రలో ఎండ నిలువుగా పడేది. నేలన పరిచిన బండలన్నీ మండేవి. నడుమ నాలుగు బండలు మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా పాదాలకు చల్లగా తగిలేవి. నిండు బిందె వాటి మీద దించితే, ఆ చప్పుడు కింద ఎక్కడో రెండోసారి వినిపించేది. మొదట నా చెవుల తప్పనుకున్నాను. ఖాళీ బిందె దించి చూశాను. ఖాళీ బిందెకు కూడా కింద నుంచి బదులు వచ్చింది.

మా ఆయనకు చెప్పలేదు. ఆయన పొద్దున లేస్తే ఇటుకలను తడుపుతూ, లారీలో పాడుకునే పాటలు పాడేవాడు.

ఒక రోజు మేస్త్రి వంటర్ర గోడ గీకుతూ పిలిచాడు.

“అక్కా, గిట్ల రాండ్రి. గోడ మీద ఏమో రాసిండ్రు. నాకు అంకెలే వస్తయి. మీరు సదువుకున్నరంట గద.”

పొయ్యి గద్దె పక్కన, కింద కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో ఉన్నాయి అక్షరాలు. ఎవరో మొనగల దానితో గిలాబును గట్టిగా గీరారు. పైనున్న సున్నం పొరలు లేచిపోగా ఆ గీతల్లో మాత్రం సున్నం తెల్లగా నిలిచి ఉంది. ఒక్కో అక్షరం నా అరచెయ్యంత. గుడులు పక్కకు ఒరిగాయి. ఒత్తులు వాటి అక్షరాలకు దూరంగా పడ్డాయి. నా నోటుబుక్కు మొదటి పేజీలు అచ్చం ఇట్లాగే ఉంటాయి. పెద్దయ్యాక నేర్చుకున్న చెయ్యి అది. పిల్లలు అంత గట్టిగా నొక్కరు.

కింద కూర్చుని, వేలు పెట్టి కూడుకున్నాను. బా, యి. ఈ, డ, నే. ఉ, న్న, ది. దాని కింద ఇంకో మాట.

బాయి ఈడనే ఉన్నది. తవ్వొద్దు.

“ఏమున్నదక్కా?”

నిజం చెప్తే మేస్త్రి పనిముట్లు సర్దుకుంటాడు. మాట వాడకట్టంతా పాకితే ఇంకో మేస్త్రి రాడు. పైన కప్పు లేదు, మిరుగు ఎంతో దూరం లేదు. బయట మా ఆయన పాట వినిపిస్తోంది.

“దేవుని పేరు,” అన్నాను. “రామ రామ అని రాసిండ్రు.”

“గంత పొడుగున్నది గద?”

“రెండుసార్లు రాసిండ్రు.”

మేస్త్రి ఆ గోడను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. “అయితె గా గోడ జోలికి పోను. పిల్లర్ గుంతను జరంత నడుమకు జరుపుత” అని, సుద్దముక్కతో ఆ నాలుగు చల్లని బండల మీద గీత గీశాడు.

ముందు అర్రల గుంతలు అయ్యేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వాకిట్లోనే వండాను. వంటర్రలోకి పోవలసి వస్తే గోడ వెంట పోయి, గోడ వెంట వచ్చాను.

“ఏందే, బండలు తప్పించుకుంట నడుస్తున్నవు?” అన్నాడు మా ఆయన. “గీ వయసుల తొక్కుడుబిళ్ళ ఆడుతున్నవా?”

“గా నడిమి గుంత లేకపోతె నడ్వదా?”

“సంతకం నేర్సినవు సరె. ఇంజినీరు సదువు ఎప్పుడు నేర్సినవు?”

“ఊకెనే అడిగిన.”

“నువ్వు ఊకెనే అన్నవంటె ఏదో ఉన్నట్టే,” అన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన అప్పటికే తడి గోనెలు తీసుకుని ఇటుకల వైపు పోతున్నాడు.

నాలుగో రోజు మేస్త్రి బండలు లేపి తవ్వడం మొదలుపెట్టాడు. గుంత ఇరుకు కాబట్టి ఒక్కడే దిగాడు. మా ఆయన గంపలు అందుకుంటున్నాడు. నేను వాకిట్లో బియ్యం చాట ముందేసుకుని కూర్చున్నాను కానీ, పైకి వచ్చే ప్రతి గంప మట్టినీ చూస్తున్నాను. గాజు ముక్క కోసం. మట్టెల కోసం. ఆమె దొరికితే ఈ ఇంట్లో నేను పొయ్యి వెలిగించలేను. దొరక్కపోతే, ఆమె మీదనే పిల్లర్ నిలబెట్టిన దాన్ని అవుతాను. ఏది కోరుకుంటున్నానో నాకే తెలియలేదు.

మేస్త్రి ఛాతీ లోతుకు దిగాక ఒక గంపలో అది వచ్చింది. నల్లగా, మూడు పాయలుగా అల్లి ఉంది. జానెడు పొడవు. చాట పక్కకు పెట్టి లేచాను. వంటర్ర గడప దాకా పోయాను.

“ఏందది?” అన్నాను.

మేస్త్రి గంపలోంచి తీసి, మట్టి దులిపి చూశాడు. “తాడక్కా. పాత చేంతాడు ముక్క.”

చేంతాడు. నీళ్ళు తోడే తాడు. ఆ మాట చెవిన పడగానే గోడ మీది మాట నాలో తిరగబడింది. మా దిక్కు నీళ్ళ బావిని కూడా బాయి అనే అంటాం. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి అంటూనే ఉన్నాను. మనిషి బాయికీ నీళ్ళ బాయికీ మాట్లాడేటప్పుడు తేడా దానంతటదే తెలుస్తుంది. రాస్తే తెలియదు. పైగా మన మాటలో ఆడమనిషినీ అది అంటారు, వస్తువునీ అది అంటారు. సల్లటిది అంది అవ్వ. దాని సుట్టే ఉంటుంటిమి అంది.

“పైకి రా, మేస్త్రీ,” అన్నాను. “నీ కింద బాయి ఉంది.”

“వంటర్రల బాయి ఎందుకుంటదక్కా,” అని నవ్వుతూనే గడ్డపార ఇంకోసారి వేశాడు.

మా ఆయన నవ్వలేదు. నా గొంతు ఆయనకు తెలుసు. గంప వదిలేసి, వంగి మేస్త్రి రెండు చంకల కిందా చేతులు వేశాడు. గడ్డపార తగిలిన చోట రాతి చప్పుడైంది. తర్వాత మట్టి లోపలికి జారడం మొదలైంది. నేను మా ఆయన నడుము పట్టుకుని వెనక్కి గుంజాను. ముగ్గురం పొయ్యి గద్దె మీద పడ్డాం. గడ్డపార మా కళ్ళ ముందే నిటారుగా కిందికి పోయింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. అప్పుడు నీళ్ళ చప్పుడు వినిపించింది.

వాకిట్లో మేస్త్రికి చాయ్ ఇచ్చాను. గోడ మీద ఏం రాసి ఉందో అప్పుడు చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, ఇద్దరి ముందూ.

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. “దేవుని పేరు జెప్పి నన్ను దేవునికాడికే పంపుతుంటివి గదక్కా,” అన్నాడు. ఆ మాటకు కొంచెం ఆయనే నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు. “బోర్డులు సదవరాక ముప్పై ఏండ్లు మందిని అడుక్కుంట బండి నడిపిన,” అన్నాడు. “ఎవ్వడు తప్పు తొవ్వ సూపియ్యలే. ఇంట్ల నువ్వు సూపెడితివి.”

నేను గ్లాసులు తీసుకుని కడగడానికి లేచాను.

చప్పుడు విని అవ్వ వచ్చింది. గుంత చూసి, “మొదటి దినమే జెప్తిని గద, బాయి ఉండె అని” అంది. బాయి నోటికి రాళ్ళు కప్పి, పైన మట్టి పోసి బండలు పరిచి, వెనకటి వాకిలిని వంటర్ర చేశారట. లోపల పూడ్చలేదని వాడకట్టులో ఎవరికీ తెలియదట.

“నేను మనిషి అనుకున్న, అవ్వా.”

“మనిషి గూడ ఉండె,” అంది అవ్వ.

ఆ ఇంటి కోడలు. మహారాష్ట్ర దిక్కు పిల్ల. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, అందరికీ బాయే. సబ్బు కాగితాల మీద, సిమెంటు సంచుల మీద చూసి మన అక్షరాలు దిద్దుకునేదట. నీళ్ళ బాయిని మూసిన ఏడాదే ఆమె కనబడకుండా పోయింది.

“ఎటు పోయింది?”

“బస్సెక్కి తల్లిగారింటికి పోయిందన్నరు.”

“ఎవరన్న సూసిండ్రా?”

“అన్నరు, బిడ్డా,” అంది అవ్వ. మా ఆయన టార్చి తెచ్చి గుంతలోకి వేశాడు. బాయి చుట్టూ రాతితో కట్టిన ఒర కనిపించింది. దాని అడుగున నల్లగా నీళ్ళు, అందులో టార్చి వెలుగు. ఇంకేమీ లేదు. చాలాసేపు చూసి ఆర్పేశాడు. బాయిని మళ్ళీ మూయొద్దని నేను అడిగాను. సరేనన్నాడు మేస్త్రి. వంటర్రను ముందు అర్రకు మార్చి, ఇక్కడ కప్పు లేకుండా వదిలి, ఒర పైకి లేపి ఇనుప జాలీ వేద్దామన్నాడు. మా ఆయన నా వైపు చూడకుండా మేస్త్రికే తల ఊపాడు.

మర్నాడు పొద్దున, పనివాళ్ళు రాకముందే లేచాను. మొదటి రోజు నేను కొట్టిన మేకును వదులు చేసి గోడలోంచి పీకాను. అది పట్టుకుని ఆ రాతల ముందు కూర్చున్నాను. బాయి అన్న మాట ముందు నీళ్ళ అని చేర్చాలనుకున్నాను. ఇంకెవరూ నాలాగా పొరపాటు పడకూడదని. న రాయడానికి మొన ఆనించాను. ఆ ఒక్క మాట రాస్తే గోడ మీద నీళ్ళ బాయి ఒక్కటే మిగులుతుంది. మొన తీసేశాను. ఆమె రాసినదాన్ని ముట్టుకోలేదు. దాని కింద, నాకు వచ్చిన రాతతో, ఒక్క మాట గీశాను.

చదివిన.

సున్నపు పొడి ఊదుతుంటే వెనక మా ఆయన, మేస్త్రి వచ్చి నిలబడ్డారు. ఏం రాశానని అడగలేదు. నేనే ఇద్దరినీ కింద కూర్చోమన్నాను. మా ఆయన వేలు పట్టుకుని బా దగ్గర పెట్టి, మొదటి అక్షరం నుంచి మొత్తం చదివి వినిపించాను.