లుంగీని లాక్కున్న రంపం

మాది చేర్యాల దగ్గర ఒక ఊరు. ఆమధ్య గాలివానకు వాకిట్లో తుమ్మచెట్టు పడిపోతే, కట్టెలకు పనికొస్తుందని మావారు దుబాయి నుంచి తెచ్చుకున్న చిన్న కరెంటు రంపం బయటికి తీశారు. కొమ్మలు బాగానే కోసింది గానీ మొద్దు దగ్గర మాటిమాటికీ ఆగిపోయింది.

"గిది ఇంట్ల చిన్న పనులకే. రేపు చెట్లు కోసేటోళ్ల పెద్ద మిషన్ కిరాయికి తెస్త" అని విసుక్కుంటూ ఇంకోసారి గట్టిగా నొక్కారు.

రంపం జారి లుంగీని లాక్కుంది. గుడ్డ చుట్టుకుని తొడ దాకా వచ్చి ఆగిపోయింది. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. తొడ మీద చిన్న గీత పడింది, అంతే.

"పెద్ద మిషనైతే ఆగకపోతుండె" అన్నారు రంపంలోంచి లుంగీని విడదీస్తూ.

"దుబాయిల గూడ లుంగీ మీదనే పని చేస్తుంటివా?" అని అడిగాను.

"గాడ ప్యాంటు, బూట్లు లేకుంటే గేటు కాడి మనిషి పనిలకే రానియ్యడు."

అక్కడ గేటు దగ్గరి మనిషి ఇన్నేళ్లూ కాపాడిన కాళ్లను, ఇల్లే కదా అని మా వాకిట్లో పోగొట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ రంపాన్ని కొక్కేనికి తగిలించి, దాని మీద ఆయన పాత డ్యూటీ ప్యాంటు వేశాను. ప్యాంటు తీయనిదే రంపం చేతికి రాదు.