ఫిరంగిని కరిగించి కొట్టిన నాణెం

మా చెల్లెలు ఐర్లండ్‌లోని ములింగార్‌లో నర్సు. దాని పురుటికని వెళ్ళాను. పత్యానికి సొంఠి, వాము కొనడానికి ఓరోజు మన సరుకుల కొట్లున్న లూకన్ దాకా వెళ్ళి, తిరుగు బస్సెక్కగానే మరిది ఫోన్ చేశాడు.

"వదినా, ఎమర్జెన్సీ అంటున్నారు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళిపోయారు."

ఫోన్ పెట్టేసి, "దేవుడా" అని పైకే అనేశాను. పక్క సీట్లో ఉన్న ఐరిష్ పెద్దాయన ఏమైందని అడిగాడు. చెప్పాను. తన గుప్పిట్లో ఉన్న నల్లటి నాణెం తీసి నా అరచేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకోమ్మా. వెనకటికి యుద్ధంలో వెండి చాలక ఇక్కడి రాజు పాత ఫిరంగులూ, గంటలూ, వంటగిన్నెలూ కరిగించి నాణేలు కొట్టించాడు. ఇది వాటిలోదే. మా ఇంట్లో పురుడొచ్చినా జబ్బొచ్చినా చేతిలో పెడతాం."

ఫిరంగా! మనుషుల్ని చంపిన లోహం ఈ వేళప్పుడు నా చేతిలోనా? కింద పడేద్దామనిపించింది. అంతలో మా అమ్మ బాలింతల తలగడ కింద పెట్టే ఇనుప కత్తి గుర్తొచ్చింది. గుప్పిట బిగించాను.

ఫోన్ మళ్ళీ మోగలేదు. మోగుతుందేమోనని ఒక భయం, మోగట్లేదని ఇంకో భయం.

ఊరు దగ్గరపడ్డాక నాణెం ఇచ్చేయబోతూ, "మీరెక్కడ దిగుతారు?" అన్నాను.

"ఆసుపత్రి దగ్గరేనమ్మా. మా ఆవిడకి ఇవాళ ఆపరేషన్. గ్రాండ్‌గా ఉంటుందిలే, ఏం కాదు. అది నీ దగ్గరే ఉంచు."

అప్పుడు చూశాను, ఒళ్ళో పెట్టుకున్న ఆయన చేతుల్ని. ఆ రెండు ఖాళీ చేతులూ వణుకుతున్నాయి.