కండ్ల కింది సంచులు

పెట్రోల్ పంపు ప్రారంభం రోజు తీసిన ఫోటోలు స్టూడియో నుంచి వచ్చినప్పుడు నా భర్త వాటిని బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూసుకున్నాడు. నేను దీపం వెలిగిస్తున్న ఫోటో దగ్గర ఆగాడు. అది పెద్దది చేయించి ఆఫీసులో పెట్టాలని అంతకుముందే అనుకున్నాడు. వేలితో నా ముఖం మీద తట్టి, నన్ను పిలిచి చూపించాడు.

“గిదేందే, ఏడ్సి వచ్చినట్టున్నవు. చూసినోళ్లు నేను నిన్ను కొడుతున్న అనుకుంటరు.”

నా కండ్ల కింద సంచులున్న మాట నిజమే. కింది రెప్పలు ఉబ్బి, వాటి కింద గీతలాంటి గుంట, గుంట చుట్టూ నలుపు. స్టూడియో అబ్బాయి లైటు పైనుంచి వేయడం వల్ల ఫోటోలో అవి ఇంకా పెద్దగా పడ్డాయి. చంద్రపూర్ అవతల, పద్మాపూర్ దగ్గర బొగ్గు గని మనుషుల మధ్య ఒక్క గదిలో ఉండి, ఆయన వేరేవాళ్ల లారీ మీద బొగ్గు తోలే రోజుల్లో నా కంటి కింద నిజంగానే నల్లబడేది. పక్కింటి మరాఠీ ఆమె వచ్చి, బట్టలో వేడి ఉప్పు మూటకట్టి నా చేతిలో పెట్టి పోయేది. ఆమె ఏమైందని అడిగేది కాదు. నీళ్ల కుళాయి దగ్గర ఎవరూ అడిగేవాళ్లు కాదు. పుట్టింటికి పోయినా, తగ్గిన తర్వాతే పోయేదాన్ని.

సొంత లారీ వచ్చాక ఆయన తాగుడు తగ్గింది. బొగ్గు రవాణా పనులు ప్రైవేటువాళ్లకు విరివిగా ఇవ్వడం మొదలై, లారీలు వరుసగా నిలబడ్డాక చేయెత్తడం మానేశాడు. ఎందుకు మానేశాడో చెప్పలేదు. మానేసినందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నానని మాత్రం ఆయన వైపు చుట్టాలందరూ అనుకునేవారు.

ఈ సంచులు ఆ దెబ్బలవి కావు. ఇవి మా అవ్వవి. మా వైపు తల్లిని అవ్వ అంటాం. విరూర్ అవతలి ఊళ్లో పత్తి చేను చేసుకునే మనిషి. నా చిన్నప్పటి నుంచే ఆమె కండ్ల కింద ఇవి ఉండేవి, పొద్దున లేవగానే నిండుగా, చేను నుంచి వచ్చేసరికి కొంచెం వాలి. ఒళ్లో పడుకుని వేలితో నొక్కి చూసేదాన్ని. మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చేవి. ఇందులో ఏముందే అంటే, “పోని నిద్దర గండ్లనే దాసిపెట్టిన బిడ్డా. ముసల్దాన్నయినంక పోత” అనేది. ముసలిదైంది. నిద్ర మాత్రం అప్పుడూ పోలేదు.

నా భర్త లెక్క వేరు. నా చదువు వల్ల ఇవి వచ్చాయని ఆయన నమ్మకం. నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. మొదట సాయంత్రం బడిలో మరాఠీ అక్షరాలు నేర్చుకున్నాను. చంద్రపూర్‌లో ఇల్లు కట్టుకుని వచ్చాక, మా సందులోనే ఉండే పవర్ ప్లాంటు ఇంజనీరు గారి భార్య దగ్గర తెలుగువి. మధ్యాహ్నాలు కళ్లద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి చదువుకునేదాన్ని. ఆ అద్దాల వెనక సంచులు రెండింతలు కనిపించేవి. “గా పుస్తకాలల్ల మొఖం పెట్టి పెట్టి ఉబ్బగొట్టుకున్నవు” అనేవాడు. బొగ్గు దుమ్ములో పాతికేళ్లు ఉండడం వల్ల కావచ్చని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

మొబైల్ ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. నాగపూర్‌లో ముఖాలు బాగు చేసే ఆస్పత్రి ఉందని ఆయనకు వ్యాపారంలో భాగస్తుడెవరో చెప్పాడు. ఆ వారంలోనే కారులో తీసుకుపోయాడు.

డాక్టరు మరాఠీ అమ్మాయి, నా కూతురి వయసుంటుంది. నా చేతికి అద్దం ఇచ్చి, తల నిలిపి కళ్లు మాత్రం పైకెత్తమంది. ఎత్తగానే సంచులు నిండి ముందుకు వచ్చాయి. అది లోపలి కొవ్వు, దాన్ని పట్టి ఉంచే పొర వదులైంది, మీద చర్మం సాగింది అని నెమ్మదిగా చెప్పింది. రెండు దారులున్నాయంది. ఒకటి కోత. రెప్ప వెంట్రుకల కిందుగా సన్నగా కోసి, కొవ్వు తీసి, మిగిలిన చర్మం సరిచేసి కుడతారు. రెండు వారాలు కమిలి ఉంటుంది, తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ చూసుకోనక్కర్లేదు. రెండోది సూది. గుంట ఉన్నచోట జిగురులాంటి మందు ఎక్కించి నింపుతారు. కాసేపట్లో అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. కానీ ఏడాది అటూ ఇటూగా కరిగిపోతుంది, మళ్లీ ఎక్కించుకోవాలి. “తాయీ, మీకు గుంటకన్నా సంచి ఎక్కువ. సూదితో సంచి పోదు, ఒక్కోసారి ఇంకా ఉబ్బినట్టు, నీలంగా కనిపిస్తుంది” అని, వాళ్ల భాషలో అక్కా అని పిలుస్తూ నాతోనే అంది.

ఆమె పెన్నుతో నా కంటి కింద గీత గీసి చూపిస్తుంటే, నా భర్త గ్యారేజీలో మేస్త్రీ పక్కన నిలబడ్డట్టు వంగి చూశాడు. ఆయనకు సూదే నచ్చింది. తొందరగా అవుతుంది, బ్యాంకు వాళ్లను ఇంటికి భోజనానికి పిలవాల్సి ఉంది. ఏడాదికోసారి రావాలంటే ఆమెకు కష్టం కదా అని డాక్టరు అంటే నవ్వాడు.

“ఏముంది మేడమ్, ఏడాదికోపారి తీస్కొస్త. నా బండ్లన్నిటిని పాసింగుకు తేనా?”

లారీని ఏటా ఆర్టీవో ఆఫీసుకు తీసుకుపోయి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ముద్ర వేయించుకోవాలి. దాన్ని పాసింగ్ అంటారు. దానికి ముందురోజు బండిని కడిగి, రంగు పోయినచోట రంగు పూసి, పగిలిన దీపాలు మార్చి నిలబెడతారు. ఆ సాయంత్రాలు ఆయన ఒక్కో బండి చుట్టూ తిరుగుతూ వేలితో తట్టి చూడడం నాకు తెలుసు. ఆ వేలే ఫోటోలో నా ముఖం మీద తట్టింది. సూదికి ఒప్పుకుంటే ప్రతి ఏడూ ఆయన నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుతాడు, కరిగిందా లేదా చూస్తాడు, కారు ఎక్కిస్తాడు. బతికినన్నాళ్లూ.

అందుకని నేను కోతే చేయించుకుంటానన్నాను.

వద్దు అనలేకపోయావా అని ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. వద్దు అనేది నా ముందు పెట్టిన రెండింటిలో లేదు. ఉన్న రెండింటిలో, ఒక్కసారి ఏడ్చి అవతల పడేసేది ఎంచుకున్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు కానీ కాదనలేదు. కోత అంటే టైరే మార్చినట్టు, సూది అంటే పంక్చర్ వేయించినట్టు అని కారులో తనకు తానే చెప్పుకుని సంతోషించాడు.

డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో ఒక్కటే నన్ను ఆపింది. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు, కాటుక పెట్టొద్దు అని చెప్పి, గట్టిగా ఏడవొద్దు అంది. మా అవ్వకు అప్పటికే ఆయాసం ఎక్కువై మంచం దిగడం లేదు. ఏమన్నా అయితే ఎట్లా అని అడిగాను. “శాంతంగా ఏడవండి తాయీ, కళ్లు రుద్దకండి” అంది. ఏడవడం కళ్లతో చేసే పని అనుకుంది ఆ పిల్ల. మా వైపు చావింటికి పోయిన ఆడమనిషి గడపలోనే ఎదురొచ్చిన ఆడమనిషి మెడ కావలించుకుని, వరస పెట్టి పిలుస్తూ, పోయినవాళ్ల మంచీ చెడూ రాగంగా చెబుతూ ఏడవాలి. వచ్చిన ప్రతి మనిషితో మళ్లీ మొదలుపెట్టాలి. తల్లి పోతే కూతురు గొంతు అన్నిటికన్నా పైన వినబడాలి. వినబడని కూతురి గురించి ఊరు చాలా ఏళ్లు మాట్లాడుకుంటుంది.

అవ్వ సంగతి తేలేదాకా ఆగుదామన్నాను. “ముసలామె ఇంకా పదేండ్లుంటది. గప్పటిదాంక ఆగితే నువ్వే ముసల్దానివైతవు” అన్నాడు నా భర్త.

కోత జరిగింది. మత్తు పూర్తిగా ఇవ్వరు. కత్తెర చప్పుడు వినపడుతూనే ఉంది. తీసిన కొవ్వు చూపిస్తారా అని అడిగితే డాక్టరు చిన్న గిన్నెలో చూపించింది. పసుపుపచ్చగా, నానబెట్టిన శనగపప్పులా ఉంది. మా అవ్వ దాచిపెట్టిన నిద్ర అంతేనా అనిపించింది. ఇంటికి వచ్చి అద్దం చూసుకుంటే రెండు కళ్ల కిందా నేరేడు పండు రంగు, పైన నల్లదారం కుట్లు. పద్మాపూర్ రోజుల్లో కూడా రెండువైపులా అట్లా ఎన్నడూ అయింది లేదు.

కుట్లు విప్పించుకుని వచ్చిన మరునాడు అన్న ఫోన్ చేశాడు. అవ్వ తెల్లవారుజామున పోయింది.

కారులో బయలుదేరి రాజురా దాటాం. నా భర్త తన నల్లద్దాలు తీసి నాకిచ్చి, పెట్టుకొమ్మన్నాడు. ఎవరితోనూ ఎక్కువ కలవొద్దని, డాక్టరు చెప్పింది గుర్తుంచుకొమ్మని, ఆపరేషన్ పాడైతే మళ్లీ మొదటికి వస్తుందని అన్నాడు. నేను అద్దాలు పెట్టుకున్నాను. అవి మగవాళ్లవి, ముక్కు మీద నిలవలేదు.

గడపలో చిన్నమ్మ ఎదురొచ్చింది, అవ్వకు చెల్లెలు. నన్ను చూడగానే చేతులు చాచి మెడ మీద పడింది. ఆ ఊపుకు అద్దాలు జారి కింద పడ్డాయి. ఆమె ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఒక్క క్షణం ఆమె ఏడుపు ఆగింది. చేత్తో నా గడ్డం పట్టుకుని వాకిలి వెలుతురు వైపు తిప్పి చూసింది. తర్వాత ఏడుపు ఎత్తుకుంది. కానీ అది ముందటి ఏడుపు కాదు.

“లేవే ఓ అక్కా... నీ బిడ్డొచ్చింది లేసి సూడవే... కండ్లు కమిలిన బిడ్డొచ్చింది సూడవే... బంగుల కట్టినా గాని శెయ్యి మానకపాయెనే ఓ అక్కా... నువ్వుంటే అడుగుదువని ఆశుండె... ఇగ నీ బిడ్డనెవ్వలడుగుతరే...”

లోపలున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. నా కండ్లు చూశారు, మెడ మీద పడ్డారు, అదే పాటను తమ వరసలో ఎత్తుకున్నారు. ఏడుపులో అన్న మాటకు మా వైపు ఎవరూ ఎదురు మాట్లాడరు. తర్వాత కూడా దాని మీద తగువు పెట్టుకోరు. అందుకే మామూలు రోజున నోట రానివన్నీ అక్కడ వస్తాయి. పాతికేళ్ల కింద నేను దాచుకుని తిరిగింది వాళ్లకు తెలుసునని ఆ రోజే నాకు తెలిసింది. ఫలానా ఏడు పండక్కి రాలేదని, ఫలానా పెళ్లిలో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుందని, ఒక్కొక్కటీ పాటలో వచ్చింది. అన్నీ చూశారు. అన్నీ గుర్తు పెట్టుకున్నారు. అడగడానికి మా అవ్వ చావాల్సి వచ్చింది.

ఆపరేషన్ అని నేను చెప్పలేదు. గొంతెత్తి ఏడ్చాను. కుట్ల చోట నిప్పు పెట్టినట్టు మండింది. మా అవ్వ పడుకుని ఉంది, కండ్ల కింద రెండు సంచులూ ఖాళీ అయి, చర్మం మడత పడి. చివరికి నిద్ర ఖర్చు చేసినట్టుంది.

బయట సంగతి వదిన తర్వాత చెప్పింది. లోపలి మాటలు వాకిట్లో కూర్చున్న మగవాళ్లందరికీ వినిపించాయట. నా భర్త పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి అవతలి పక్కకు పోయారట. ఆయన మా అన్న దగ్గరికి పోయి, కండ్ల ఆపరేషన్ అయింది బావా అన్నాడట. మోతిబిందా, అంటే కంటి శుక్లమా అని మా అన్న అడిగాడు. కాదు, కండ్ల కింద సంచులుంటే తీయించినమన్నాడు. అప్పుడు మా ఊరి పెద్దాయన ఒకాయన బీడీ ఆర్పి, నిమ్మళంగా అన్నాడట:

“ఉంటదుంటది. నాగపూర్ల సంచులు తీసేటి ఆపరేషన్ గూడ ఉంటది. మా కాలంల గది శేత్తోనే చేసెటోళ్లు.”

ఎవరూ నవ్వలేదట.

తిరిగి వచ్చేటప్పుడు కారు వార్ధా నది వంతెన ఎక్కాక ఆయన ఆగలేక అన్నాడు.

“ఒక్క మాట చెప్తే ఏంబోయేది? కొట్టింది కాదు, ఆపరేషనని?”

“ఎవ్వలు అడగలే.”

“అడిగితేనే చెప్తరా?”

“గప్పుడు గూడ ఎవ్వలు అడగలే” అన్నాను. ఎప్పుడని ఆయన అడగలేదు.

కమిలిన నలుపు పోయింది. సంచులూ పోయాయి. ఎడమ కన్ను కింది రెప్ప మాత్రం కొంచెం కిందికి లాగినట్టు ఉండిపోయింది, తెల్లగుడ్డు ఒక పోగంత ఎక్కువ కనిపిస్తుంది, గాలికి నీళ్లు కారుతాయి. ఏడుపు వల్లనా, కుట్టు వల్లనా అనేది డాక్టరు తేల్చి చెప్పలేదు. ఇంకో చిన్న కోతతో సరిచేయొచ్చంది. నా భర్త రోజు ఖాయం చేసుకుందామన్నాడు. నేను రానన్నాను. కారణం అడిగాడు. కారణం లేదన్నాను. ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. ఆయన గడ్డం పట్టుకుని చూడబోయి, చేయి సగంలో దించేసుకున్నాడు. ఎవరన్నా చూస్తున్నారా అన్నట్టు కిటికీ వైపు చూశాడు.

ఆ చేయి దిగింది నా మీద దయతో కాదు. అయినా దిగింది.

ఫోటో పెద్దది చేయించలేదు. ఆఫీసు గోడకు లారీల ఫోటో పెట్టుకున్నాడు. నా ఫోటో నేను తీసి దాచుకున్నాను. మా అవ్వను ఎవరూ ఎన్నడూ ఫోటో తీయలేదు. ఆమె కండ్లు చూడాలనిపిస్తే నాకు అదొక్కటే ఉంది.