యాదయ్య విన్న సముద్రం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా అల్లుడికి సముద్రపు అలల మీద ఆడటం సరదా. అతను చేయించుకున్న చెక్క సర్ఫింగ్ బోర్డు తీసుకోవడానికి విశాఖ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను.

వడ్రంగి యాదయ్య దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి నా చేతికిచ్చాడు.

“మా అల్లుడు దీనిమీద నిలబడతాడయ్యా!” అన్నాను నవ్వుతూ.

“కాళ్లు పెడ్తడా? జర మొక్కి ఎక్కుమనుండ్రి సార్.”

“నువ్వూ రాకూడదూ? అది అలలెక్కడం చూద్దువుగాని.”

“సముద్రం ఎన్నడు చూడలే సార్, రావాల్ననే ఉంది. రేపు ధర్నా ఉన్నది, మావోళ్లను ఇడిసిపెట్టి ఎట్లొస్త? నీళ్లల్ల దించినప్పుడు ఫోన్ చెయ్యుండ్రి. చప్పుడన్న వింట.”

ఆదివారం బోర్డు మొదటి అల ఎక్కగానే యాదయ్యకు ఫోన్ చేసి, సెల్‌ను సముద్రం వైపు పట్టుకున్నాను. చేయి నొప్పి పుట్టాక చెవి దగ్గర పెట్టుకున్నాను.

“సార్, జర గట్లనే పట్టుకోండ్రి,” అన్నాడు.